ప్రజాభిప్రాయము: అడిగే తీరు, చదివే తీరు

(సమాఖ్య అధ్యయన తరగతిలో రైల్వే, తపాలా ఉద్యోగుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మనము సమ్మె నోటీసు ఇచ్చిన మరునాడు పత్రికలలో ఒక వాక్యము తప్పక కనబడుతుంది: "ప్రజలు విసిగిపోయినారు." ఆందోళన ముగిసిన మరునాడు మన కరపత్రములోనూ ఒక వాక్యము తప్పక ఉంటుంది: "ప్రజలు మన పక్షాన నిలిచినారు." రెండు వాక్యములలోనూ ప్రజలే ఉన్నారు. అయితే ఆ ప్రజలను ఎవరు అడిగినారు? ఎప్పుడు, ఏమని, ఎందరిని అడిగినారు? ఈ ప్రశ్నలకు పత్రిక వద్ద సమాధానము లేదు. నిజము చెప్పుకొనవలెనంటే మన వద్ద కూడా లేదు.

రాజకీయముల గురించి, సమాజము గురించి, పత్రికల గురించి ప్రజలు ఏమనుకొంటున్నారో, ఆ అభిప్రాయము సంవత్సరముల మీద ఎట్లు మారుచున్నదో కొలిచే పని ప్రపంచములో సుమారు తొంబది ఏండ్లుగా సాగుచున్నది. ఈ పనిని గూర్చి తెలిసికొనుట మనకు కాలక్షేపము కాదు. ప్రజల పేరు మీదనే మన కోరికలు తిరస్కరింపబడుచున్నవి. ఆ పేరును ఎవరు ఏ అధికారముతో వాడుచున్నారో పరీక్షించుట మన హక్కు, మన బాధ్యత.

సూచిక నేర్పిన పాఠము

కొలత అనగానే మనకు భయపడవలసిన పని లేదు. కరువుభత్యము లెక్క తెలియని రైల్వే ఉద్యోగి గాని, తపాలా ఉద్యోగి గాని లేడు. ఆ లెక్కకు ఆధారము సిమ్లాలోని లేబర్ బ్యూరో ప్రకటించే వినియోగదారుల ధరల సూచిక. ఆ సూచిక కొరకు దేశములోని ప్రతి కార్మికుని ఇంటికీ ఎవరూ పోలేదు. కొన్ని కేంద్రములు, కొన్ని అంగళ్ళు, కొన్ని కుటుంబములు ఎంపిక చేసి, వారి ఖర్చును బట్టి ఒక బుట్ట తయారుచేసినారు. అంటే మన జీతములో ఒక భాగము నమూనా సర్వే మీద ఆధారపడియున్నది.

ఆ నమూనా సరిగా లేనప్పుడు ఏమగునో కూడా కార్మికోద్యమము చూచినది. 1963లో బొంబాయి కార్మికులు తమ నగరపు సూచిక తప్పుగా ఉన్నదని ఆందోళన చేయగా, లక్డావాలా అధ్యక్షతన నిపుణుల సంఘము ఏర్పడి లోపములు ఉన్నవని తేల్చినది. కార్మికులు అప్పుడు "సూచికలే వద్దు" అనలేదు. "సరియైన సూచిక కావాలి" అన్నారు. ప్రజాభిప్రాయ సర్వేల విషయములో కూడా మన వైఖరి అదే కావాలి. గ్రుడ్డిగా నమ్మరాదు, గ్రుడ్డిగా త్రోసివేయరాదు.

కోటి కార్డుల కథ

తపాలా సోదరులకు ప్రత్యేకముగా చెప్పదగిన కథ ఒకటి ఉన్నది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నిక జరిగినది. 'లిటరరీ డైజెస్ట్' అనే వారపత్రిక సుమారు కోటిమందికి తపాలా ద్వారా నమూనా బ్యాలెట్లు పంపినది. ఇరువది లక్షలకు మించి తిరిగి వచ్చినవి. అంత పెద్ద సంఖ్య లోకము అంతకుముందు ఎన్నడో గాని ఎరుగదు. వాటిని లెక్కించి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుచునని ఆ పత్రిక ప్రకటించినది. గెలిచినది రూజ్వెల్ట్, 48 రాష్ట్రములలో 46 ఆయనవే. దాదాపు 50,000 మందిని మాత్రమే ఆధారము చేసికొన్న జార్జి గాలప్ ఫలితమును సరిగా చెప్పినాడు. 1938లో ఆ పత్రిక మూతపడినది.

లోపము తపాలాలో లేదు. పత్రికవారు చిరునామాలను టెలిఫోను డైరెక్టరీల నుండి, మోటారు కార్ల యజమానుల జాబితాల నుండి ఎక్కువగా తీసికొన్నారు. మహా ఆర్థిక మాంద్యము నడుచుచున్న ఆ రోజులలో టెలిఫోను, కారు ఎవరికి ఉండును? పనిలేక తిరుగుచున్న కార్మికుని పేరు ఆ జాబితాలో లేదు. పైగా జవాబు వ్రాసి పంపినవారు, పంపనివారు ఒకే విధముగా ఆలోచించేవారు కారు.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును అంటారు. నిజమే. కాని పెండ్లి వంట వండినవారికి తెలుసు: పెద్ద గుండిగలో అడుగున మెత్తబడినా పైన పలుకు మిగిలి ఉంటుంది. పైననే పట్టి చూచేవాడు పది మెతుకులు చూచినా మోసపోవును. పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి చూచేవాడు మోసపోడు. నమూనా శాస్త్రమంతా ఈ మాటలోనే ఉన్నది. మన దేశములో ఆ శాస్త్రమునకు పునాది వేసిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ మరొక జాగ్రత్త కూడా నేర్పినారు: ఒకే విషయమును రెండు వేర్వేరు బృందముల చేత, రెండు వేర్వేరు నమూనాల మీద అడిగించి, ఫలితములు పొసగుచున్నవో లేదో చూచుట. పార్సిలు బరువును రెండు కాటాల మీద చూచుట వంటిది అది.

ఒకసారి అడిగితే చాలదు

ఒక స్టేషనులో బండి కనబడినంత మాత్రాన అది ఆలస్యముగా నడుచుచున్నదో, వేగము పుంజుకొన్నదో చెప్పలేము. రెండు మూడు స్టేషనులలో అది వచ్చిన సమయము తెలిసినప్పుడే నడక తెలియును. ప్రజాభిప్రాయము కూడా అంతే. "నూటికి ఇంతమంది ఇట్లనుచున్నారు" అనే ఒక్క అంకె మనకు చెప్పేది కొంచెమే. అదే ప్రశ్నను అదే మాటలలో, అదే పద్ధతిన ఎంచిన జనమును, ఐదేండ్లకో పదేండ్లకో మరల అడిగినప్పుడే సమాజము ఎటు కదలినదో తెలియును.

మన దేశములో ఈ పని చేసినవారున్నారు. 1950ల దశకములోనే ఎరిక్ డికోస్టా ఢిల్లీలో ప్రజాభిప్రాయ సంస్థను నెలకొల్పినారు. 1963లో రజనీ కొఠారీ నాయకత్వమున అభివృద్ధి సమాజాల అధ్యయన కేంద్రము ఏర్పడినది. ఆ కేంద్రము 1967, 1971 ఎన్నికల సందర్భమున దేశవ్యాప్త అధ్యయనములు చేసినది. నడుమ ఎడము వచ్చినను, 1996 నుండి ప్రతి లోక్‌సభ ఎన్నికకూ చేయుచున్నది.

వాటిలో రెండు ప్రశ్నలు చూడండి. మీ ఓటు వలన దేశపు నడకలో ఏమైనా మార్పు వచ్చునని అనుకొంటున్నారా అని అడిగినారు. 1971లో అవునన్నవారు నూటికి సుమారు 48 మంది. 1996లో సుమారు 59 మంది. రెండవ ప్రశ్న ఇంకా సూటియైనది: పార్టీలు, శాసనసభలు, ఎన్నికలు లేకపోతే ప్రభుత్వము మరింత బాగుగా నడుచునా? నడువదు అని చెప్పినవారు 1971లో నూటికి సుమారు 43 మంది. 1996లో సుమారు 69 మంది.

ఆ ఇరువది ఐదేండ్లలో రాజకీయ నాయకుల మీద గౌరవము పెరిగినదని ఎవరూ అనరు. టీ దుకాణములో, రైలు పెట్టెలో రాజకీయములను తిట్టనివాడు లేడు. అయినను ఎన్నికలు కావాలనేవారు పెరిగినారు. నాయకులను తిట్టుట వేరు, ఓటును వదలుకొనుట వేరు అని జనము స్పష్టముగా చెప్పినారు. ఒకే అంకె చూచినవానికి ఇది కనబడదు. రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టినవానికి కనబడును. ఈ మార్పునకు కారణములు పలు విధములు. అది అత్యవసర పరిస్థితి ఒక్కదాని వలననే వచ్చినదని మేము చెప్పబోము. కాని ఆ నడుమ కాలములోనే దేశము ఎన్నికలు లేని పాలన రుచి ఎట్లుండునో చూచినదని మరువరాదు.

అడుగని రోజులు, చెప్పని రోజులు

1974 మే 8న రైల్వే సమ్మె మొదలైనది. సమ్మెకు ముందే, మే 2న, జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేసినారు. వేలమంది జైళ్ళకు పోయినారు, వేలమంది ఉద్యోగములు పోయినవి, క్వార్టర్లలోనుండి కుటుంబములను వెళ్ళగొట్టినారు. మే 27న సమ్మె విరమింపబడినది. ఆ దినములలో ఆకాశవాణి ప్రభుత్వము చేతిలో ఉన్నది. సమ్మె దేశమునకు ద్రోహమని, జనము దానిని హర్షించరని ప్రచారము జరిగినది.

మరుసటి యేడు, 1975 జూన్ 25న, అత్యవసర పరిస్థితి వచ్చినది. పత్రికలకు సెన్సారు. 1976 ఫిబ్రవరిలో నాలుగు వార్తాసంస్థలను కలిపి 'సమాచార్' అనే ఒకే సంస్థగా చేసినారు. ప్రతి పత్రికలోనూ ఒకే విధమైన సంతృప్తి. ఆ సంతృప్తిని పాలకులు చదువుకొన్నారు. జనము మనసు అదేనని అనుకొని ఉండవచ్చును. 1977 జనవరి 18న ఎన్నికలు ప్రకటించినారు. మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానములలో, బీహారులోని 54 స్థానములలో కాంగ్రెసుకు ఒక్కటి కూడా రాలేదు. జైలులో ఉన్న ఫెర్నాండెజ్ ముజఫర్‌పూర్ నుండి గెలిచినాడు. కొత్త రైల్వే మంత్రి మధు దండావతే సమ్మెలో ఉద్యోగములు కోల్పోయినవారిని తిరిగి తీసికొన్నారు.

ఇందులో పాలకులకొక పాఠమున్నది: భయపడిన జనమును ఏమి అడిగినా "బాగున్నది" అనియే చెప్పుదురు. నోరు మూసినవాడు తన చెవులు కూడా మూసికొన్నట్లే.

మనకు కూడా ఒక పాఠమున్నది. అదే మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానములలో 41 కాంగ్రెసుకే వచ్చినవి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పక్షమున గెలిచినారు. "దేశమంతా తిరుగబడినది" అనే వాక్యము పాట్నాలో నిజము, మన విజయవాడలో కాదు. దేశపు అభిప్రాయమని ఒకే మాట చెప్పేవానిని మనము ఎప్పుడూ అడుగవలసినది: ఏ ప్రాంతపు, ఏ తరగతి, ఏ భాష మాటలాడే జనము?

అంకె ఎక్కడ తప్పును?

ఎన్నికల జోస్యముల మీద మన మిత్రులకు సహజముగానే అనుమానమున్నది. 2004లో టెలివిజన్ జోస్యములు ఎన్.డి.ఎ. ముందుండునని చెప్పినవి, కాంగ్రెసుకు 145, బి.జె.పి.కి 138 స్థానములు వచ్చి ప్రభుత్వము మారినది. 2024లో అనేక ఎగ్జిట్ పోల్స్ ఎన్.డి.ఎ.కు 350కి మించి చెప్పినవి, వచ్చినవి 293. ఒకటి గమనించండి. ఓట్ల వాటాను అంచనా వేయుట ఒక పని. దానిని స్థానములుగా మార్చుట మరొక పని. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే మన పద్ధతిలో, ఓట్లలో రెండు మూడు శాతము తేడా స్థానములలో డజన్ల కొలది తేడాగా మారును. టెలివిజన్‌కు కావలసినది గెలుపు ఓటముల ఉత్కంఠ. సమాజమును నెమ్మదిగా పరిశీలించే అధ్యయనమును, సాయంకాలపు జోస్యమును ఒకే గాటన కట్టరాదు.

రెండవ లోపము ప్రశ్నలోనే ఉండును. "సమ్మె వలన రోగులు, విద్యార్థులు ఇబ్బంది పడుటను మీరు సమర్థించెదరా?" అని అడిగితే ఎవరు అవునందురు? "రేయింబవళ్ళు దేశమునకు సేవ చేసే కార్మికునికి న్యాయము అడిగే హక్కు ఉండవద్దా?" అని అడిగితే ఎవరు వద్దందురు? మొదటి ప్రశ్న యాజమాన్యము వ్రాసినది, రెండవది మనము వ్రాసినది. రెండూ ప్రశ్నలు కావు. ప్రశ్న వేషము వేసికొన్న జవాబులు. "రైల్వే ఉద్యోగులకు సమ్మె హక్కు ఉండవలెనా, ఉండరాదా, చెప్పలేరా?" అని మూడు దారులూ తెరచి అడిగినప్పుడే అది ప్రశ్న. దానికి వచ్చే జవాబు మనకు రుచించకపోవచ్చును. రుచించకపోయినా అదే పనికివచ్చేది.

మూడవ లోపము భాషలో ఉండును. ఇంగ్లీషులో తయారైన ప్రశ్నను తెలుగులోనికి దించి "మీకు రాజకీయాలంటే ఆసక్తి ఉన్నదా?" అని పల్లెలో అడిగినారనుకొనండి. మన వాడుకలో "రాజకీయాలు చేయకు" అంటే మోసము చేయకు, ముఠా కట్టకు అని కూడా అర్థము. పెద్దమనిషి వెంటనే "మాకెందుకు బాబూ" అని తలుపు వేయును. అతడే పంచాయతీ ఎన్నికనాడు తెల్లవారకముందే వరుసలో నిలబడును. పట్టికలో మాత్రము అతడు "ఆసక్తి లేనివాడు". ప్రక్కన భర్త గాని, ఊరి పెద్ద గాని నిలబడియుండగా స్త్రీని అడిగిన ప్రశ్నకు ఎవరి జవాబు వచ్చునో మీరే ఊహించుకొనండి.

నాలుగవది కాలము తెచ్చే చిక్కు. "వార్తలను నమ్ముచున్నారా?" అని 1971లో అడిగితే జనము మనసులో మెదలినది పత్రిక, రేడియో. నేడు అదే మాట అడిగితే మెదలునది టెలివిజన్, చేతిలోని ఫోనులో పొరుగువాడు పంపిన సందేశము. మాట ఒకటే, వస్తువు మారినది. ప్రశ్న మార్చకపోతే అర్థము చెడును. మార్చితే పాత అంకెతో పోలిక తెగును. దీనికి మందు మనకు తెలిసినదే. సూచిక మూల సంవత్సరము 1960 నుండి 1982కు, 1982 నుండి 2001కి, 2001 నుండి 2016కు మారినప్పుడు 4.93, 4.63, 2.88 అనే అనుసంధాన గుణకములతో పాతదానిని కొత్తదానికి ముడివేసినారు. అట్లే పాత ప్రశ్నను, కొత్త ప్రశ్నను ఒక దఫా రెంటినీ కలిపి అడిగి, తేడా ఎంతో చూచి, తరువాత ముందుకు సాగవలెను. ఆ పని చేయకుండ "నమ్మకము పడిపోయినది" అని ప్రకటించేవానిని నమ్మరాదు.

సానుభూతి వేరు, సంఘటన వేరు

అమెరికాలో గాలప్ సంస్థ 1936 నుండి ఒక ప్రశ్న అడుగుచున్నది: కార్మిక సంఘములను మీరు ఆమోదించెదరా, ఆమోదించరా? 1936లో ఆమోదించినవారు నూటికి 72 మంది. 1953లోను, 1957లోను 75 మంది. 2009లో మొదటిసారి సగమునకు దిగువకు, 48కి పడినది. 2022లో మరల 71కి లేచినది.

ఈ అంకెలు విని సంతోషించి ఇంటికి పోదమా? మరొక అంకె కూడా వినండి. 1950ల నడుమ ఆ దేశపు ఉద్యోగులలో దాదాపు మూడవ వంతు సంఘ సభ్యులు. 2022లో సభ్యులు నూటికి పదిమంది మాత్రమే. ఆమోదము దాదాపు పాతచోటికే తిరిగి వచ్చినది, సభ్యత్వము రాలేదు. జనము మన మంచిని కోరుట ఒకటి, మన పుస్తకములో పేరు వ్రాయించుకొని చందా కట్టుట మరొకటి. ప్రజాభిప్రాయము వాన వంటిది. చెరువు కట్ట గట్టిగా ఉన్నవానికే అది నీరుగా నిలుచును.

కిటికీ వద్ద విన్న మాట

మనలో పలువురు అనుకొంటారు: "మేము రోజూ జనములో ఉన్నాము, మాకు సర్వే ఎందుకు?" బుకింగ్ కిటికీ వద్ద కూర్చున్న సోదరి, ఇల్లిల్లూ తిరిగే పోస్టుమాన్, పట్టాల మీద నడిచే ట్రాక్‌మాన్ చూచినంత జనమును మంత్రులు కూడా చూడరు. కాని విచారణ కిటికీకి వచ్చేవాడు బండి ఆలస్యమైనందుననే వచ్చినాడు. సకాలమునకు బండి ఎక్కినవాడు మనతో మాట్లాడకుండ పోయినాడు. ఉత్తరము చేరనివాడు పోస్టాఫీసుకు వచ్చి కేకలు వేయును. చేరినవాడు ఇంటివద్ద చదువుకొనును. మన చెవిన పడినది నిజమే, కాని అది గుండిగలో ఒక్క చోటి మెతుకు.

మన ఇంటి లోపల కూడా అంతే. మూడు వందల సభ్యులున్న శాఖలో సర్వసభ్య సమావేశమునకు నలభై మంది వచ్చినారు, తీర్మానము ఏకగ్రీవమైనది. రాని రెండు వందల అరవై మంది ఏమనుకొంటున్నారు? రైల్వేలలో సంఘముల గుర్తింపు కొరకు 2007, 2013, 2024 సంవత్సరములలో రహస్య బ్యాలెట్లు జరిగినవి. తపాలా శాఖలో 1993 నియమావళిని అనుసరించి జీతములోనుండి చందా కోతను బట్టి సభ్యత్వము లెక్కింపబడును. ఒకటి చీకటి గదిలో వేసిన ఓటు, రెండవది సంతకము పెట్టి ఇచ్చిన మాట. రెండూ కొలతలే, కాని ఒకదాని నుండి మరొకదానికి ఏండ్లు గడుచుచున్నవి. ఆ నడుమ సభ్యుని మనసును మనము అడిగినామా?

చేయదగిన పని

అందుచేత మేము కొన్ని మాటలు ప్రతిపాదించుచున్నాము. ప్రతి డివిజనులో, ప్రతి సంవత్సరము ఒకే మాసములో, నాలుగే ప్రశ్నలు అడుగుదము. మాటలు ఏటేటా మార్చకుందము. సభ్యుల రిజిస్టరులో ప్రతి పదవ పేరును ఎంచుదము. మనకు దగ్గరివారిని కాదు, పట్టికలో వచ్చినవారిని. చీటీ మీద పేరు ఉండరాదు. శాఖా కార్యదర్శి స్వయముగా పోయి అడుగరాదు. అతని మొగము చూచి కాదనువారు అరుదు. మరొక శాఖవారిని పంపుదము. స్త్రీ సభ్యులను స్త్రీలే అడుగవలెను.

ప్రయాణికులను అడిగినప్పుడు రిజర్వు పెట్టెలోనే కాక జనరల్ పెట్టెలో కూడా అడుగుదము. ఉదయపు ప్యాసింజరులోను, రాత్రి ఎక్స్‌ప్రెస్‌లోను అడుగుదము. తపాలా వైపున నగరపు ప్రధాన కార్యాలయముతోబాటు గ్రామీణ డాక్ సేవక్ నడిపే పల్లె శాఖ వద్ద కూడా అడుగుదము. "తెలియదు" అన్నవారిని పారవేయక విడిగా లెక్కించుదము. తెలియదనువారి సంఖ్య మన ప్రచారము ఎక్కడ చేరలేదో చూపును.

అన్నిటికంటె కష్టమైనది చివరిది. వచ్చిన ఫలితము మనకు ప్రతికూలమైనను దీనిలోనే, ఈ పత్రికలోనే, అచ్చువేయవలెను. అనుకూలమైన అంకెను మాత్రమే అచ్చువేసే సంఘమునకు, సంతృప్తిని మాత్రమే అచ్చువేయనిచ్చిన 1976 నాటి సెన్సారునకు తేడా ఏమున్నది?

సోదర సోదరీమణులారా! రేపు ఎవరైనా "ప్రజలు మీకు వ్యతిరేకముగా ఉన్నారు" అని మనతో అన్నప్పుడు కోపపడవద్దు. నెమ్మదిగా నాలుగు మాటలు అడుగండి: ఎవరిని అడిగినారు? ఏ మాటలతో అడిగినారు? అడిగినప్పుడు వారు నిర్భయముగా ఉన్నారా? క్రిందటిసారి అదే ప్రశ్నకు ఏమన్నారు? సమాధానము చెప్పగలిగినవాని మాట శ్రద్ధగా విని, మన నడక దిద్దుకొందము. చెప్పలేనివాని మాట అతని సొంత మాటగానే స్వీకరింతము. ఆ నాలుగు ప్రశ్నలను ముందుగా మన కరపత్రములకే వేసికొని, ఆ తరువాత ఇతరులకు వేయుదము.